మంత్రిగారి ఎడమ చెవి

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లున్నాయనగా, సాధారణ బదిలీల్లో నన్ను ప్రకాశం జిల్లాలోని ఒక ఇరిగేషన్ సబ్‌డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వేశారు. నేను చెప్పబోయే సంగతి అక్కడ చేరిన మరుసటి జనవరి నెలాఖరులో జరిగింది.

మా శాఖలో మెట్ల వరస తెలియని వాళ్ల కోసం రెండు మాటలు చెప్పాలి. కాలువ గట్టు మీద తిరుగుతూ షట్టర్లు ఎత్తే, దించే మనిషిని లస్కరు అంటాం. అతని పైన వర్క్ ఇన్‌స్పెక్టరు, ఆ పైన అసిస్టెంట్ ఇంజినీరు, ఆ పైన నాలాంటి డీఈ, తర్వాత ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు అంటే ఈఈ, ఆ పైన సూపరింటెండింగ్ ఇంజినీరు అంటే ఎస్ఈ. నీళ్లకూ ఇలాంటి వరసే ఉంది. పెద్ద కాలువ నుంచి బ్రాంచి కాలువ, దాన్నుంచి మేజరు, మేజరు నుంచి మైనరు, మైనరు గట్టులో పెట్టిన తూముల నుంచి పొలాలు. నీళ్లు పైనుంచి కిందికి రావాలి, ఫిర్యాదులు కిందినుంచి పైకి పోవాలి. నా సర్వీసులో ఈ రెండూ ఎక్కువగా దార్లోనే ఆగిపోవడం చూశాను.

నా సబ్‌డివిజన్‌లో ఒక మేజరు ఉంది. దాని కింది భూములన్నీ కాలువ తవ్విన నాడే ఆరుతడి కింద రాసినవి. అంటే తడిపి ఆరబెట్టుకునే మిరప, పత్తి లాంటి పైర్లకే అక్కడ నీళ్లివ్వాలి. మడి కట్టి నీళ్లు నిలబెట్టే వరికి హక్కు లేదు. ఈ మాట పుస్తకంలో ఉంది. మేజరు మొదట్లో మాత్రం కంటికి ఆనినంత మేర వరే ఉండేది. గట్టు కింద నుంచి దొంగ పైపులు దూర్చి, ఇంజన్లు పెట్టి పగలూ రాత్రీ తోడుకునేవారు. వాళ్లందరికీ పెద్దదిక్కు వెంకటేశ్వర్లు. ఒకప్పుడు నీటి సంఘం అధ్యక్షుడు. పదవి పోయి ఎంత కాలమైనా ‘ప్రెసిడెంటు గారు’ అనే పిలుపు మాత్రం పోలేదు. ఆ మేజరు మీద పొడవైన పైపులు ఆయనవే.

మేజరు చివర మిరప వేసేవాళ్లు. ఆ జనవరికి మొదటి కోత అయిపోయి చెట్టు మీద రెండో కాపు ఉంది. ఒక్క తడి పడితే కాయ ఎర్రగా పండి గుంటూరు మిర్చి యార్డుకు పోతుంది. ఆ తడి పడకపోతే కాయ తెల్లబారి తాలవుతుంది. తాలుకాయ పట్టుకుపోయిన రైతును యార్డులో నిలబెట్టి మాట్లాడేవాడుండడు.

చివరి తూము కింద రోశమ్మ అనే ఆవిడ కౌలుకు మిరప వేసింది. భర్త చీమకుర్తిలో గ్రానైటు కోసే యూనిట్‌లో పనిచేసేవాడు. సేద్యం అంతా ఈవిడదే. ఆమె మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు మా అసిస్టెంట్ ఇంజినీరు లోపలికి వచ్చి, “సార్, టెయిల్ ఎండ్ వాళ్లు వచ్చారు” అన్నాడు. వచ్చింది ఒక్క మనిషి. అయినా ‘వాళ్లు’ అనే అన్నాడు. మా ఆఫీసు మాట తీరే అంత. మేజరు మొదట్లో రైతు వస్తే ‘ఫలానా ఆయన వచ్చాడు’ అంటాం. ఆయన ఇంటిపేరు, తోడల్లుడి ఊరు, ఎవరి మనిషో కూడా తెలుస్తుంది. చివరివాళ్లు వస్తే ‘టెయిల్ ఎండ్’ వచ్చిందంటాం. కాలువ చూడటానికి జీపులో బయల్దేరిన ఇంజినీరు మొదటి నుంచి మొదలుపెడతాడు, మొదట్లోనే మజ్జిగ తాగుతాడు, అక్కడే భోజనం చేస్తాడు, అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతాడు. ఇక చివరివాళ్ల పేర్లు ఎక్కణ్ణుంచి తెలుస్తాయి?

నేను పేరడిగితే రోశమ్మ చెప్పి, నిలబడే అంది: “అయ్యా, ఈ కాపు తాలయితే వచ్చే ఏడు ఆ చేను నాకియ్యరండి. ఆసామి అప్పుడే ఇంకోళ్లతో మాట్లాడుతున్నాడు. నాకు చేనుంటేనే ఊళ్లో ఉండేది. లేకపోతే నేనూ పోయి ఆ రాతి దుమ్ములో పడాల్సిందే.”

ఆ మర్నాడే వెళ్లి చూశాను. చివరి తూము దగ్గర కాలువ అడుగున మట్టి పెచ్చులు లేచి ఉంది. చేతనైనవన్నీ చేశాను. పైపులున్న ప్రతివాడికీ నోటీసిచ్చాను. ఆ గట్టు చూసే లస్కరు సుభానీ ఒక పైపు పీకితే, చొక్కా పట్టుకుని అతణ్ణి గట్టు మీద నుంచి కిందికి తోశారు. స్టేషన్‌కు వెళ్తే, ఊళ్లో గొడవలెందుకు, రాజీ చేసుకోండన్నారు. బందోబస్తు ఇమ్మని రాస్తే సిబ్బంది లేరని జవాబు వచ్చింది. ప్రభుత్వ కాలువలో ప్రభుత్వ నీళ్లు దొంగతనంగా తోడుతుంటే, ప్రభుత్వ ఉద్యోగిని గట్టు మీద నుంచి తోస్తే, మమ్మల్నే రాజీ చేసుకోమన్నారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సమయంలో పేపర్లలో చివరి భూములు ఎండిపోతున్నాయని ఫొటోలతో వార్తలు వచ్చాయి. జిల్లా వ్యవహారాలు చూసే మంత్రి స్వయంగా కాలువ పరిశీలనకు వస్తున్నారని కబురొచ్చింది. నిజం చెప్పాలంటే సంతోషించాను. పైపులు తీసెయ్యండని ఆయన నోటితో ఒక్క మాటంటే లేని సిబ్బంది ఎక్కణ్ణుంచైనా పుట్టుకొస్తారు. రోశమ్మకూ అదే చెప్పాను.

పర్యటనకు ముందు రోజు గెస్ట్‌హౌస్‌లో సమావేశం పెట్టారు. మంత్రిగారి పీఏ నడిపాడు. చక్కగా మాట్లాడే మనిషి. నేను గేజీ రీడింగులు పట్టుకెళ్లాను. మేజరు తల దగ్గర ఎంత ఎత్తు నీళ్లు వదులుతున్నామో, చివర ఎంత చేరుతున్నాయో అందులో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే దొంగతనం దానంతటదే కనబడుతుంది. ఆయన వాటిని చూడను కూడా చూడలేదు.

“గేజీలు తర్వాత చూద్దాం సార్. ముందు వరసలో ఎవరెవరు నిలబడతారు? అది చెప్పండి” అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు ఆ పద్ధతి. మంత్రి ఎక్కడికి వెళ్లినా పీఏ ఆయన ఎడమ భుజం వెనక అరడుగు దూరంలో ఉంటాడు. మంత్రి ఒక మనిషి ముందు ఆగి, భుజం మీద చెయ్యి వేసి, తల కొంచెం ఎడమకు వంచుతారు. అదే సైగ. పీఏ ఆ చెవిలో పేరు వేస్తాడు. పేరుతో పాటు ఇంకొక్క ముక్క కూడా: మోకాలు, మనవడు, గృహప్రవేశం, ఏదో ఒకటి. మంత్రి వెంటనే పేరు పెట్టి పిలిచి ఆ ముక్క అడుగుతారు. ఆ మనిషి జన్మలో మరిచిపోడు. “ఏళ్ల తరబడి చేస్తున్నానండి, ఒక్కసారి కూడా తప్పు పోలేదు” అని పీఏ గర్వంగా చెప్పాడు. మా మీటింగంతా మోకాళ్లు, మనవళ్లతోనే సరిపోయింది. ఎండిన కాలువ గురించి ఎవరూ ఒక్క మాటడగలేదు. నేనే కల్పించుకుని అడిగితే మా ఎస్ఈ గారు బల్ల కింద నా కాలు నొక్కారు.

మర్నాడు మేజరు వంతెన దగ్గర షామియానా వేశారు. మొదటి వరసలో ఎవరున్నారో వేరే చెప్పాలా? ప్రెసిడెంటు వెంకటేశ్వర్లు, ఆయన తమ్ముడు, ఆయన వరి చేల పక్క చేలవాళ్లు. కాలువను ఎండగట్టినవాళ్లందరూ ఇస్త్రీ చొక్కాలతో కుర్చీల్లో కూర్చున్నారు. చివరి భూముల వాళ్లు ట్రాక్టరు ట్రక్కులో వచ్చారు. వాళ్లను తాడు కట్టి అవతల ఎండలో నిలబెట్టారు. రోశమ్మ వేళ్లతో సహా పీకిన మిరప మొక్కను చేత్తో పట్టుకుని ఉంది.

మంత్రిగారి కారు వచ్చింది. వెనక రావాల్సిన పీఏ కారు రాలేదు. చీమకుర్తి రోడ్డులో బండరాయి లారీ ఒకటి అడ్డం తిరిగి, ఆ కారు దాని వెనక చిక్కుకుపోయిందట. మంత్రిగారి ముఖంలో కంగారు కనిపించింది. చేతికర్ర మరిచిపోయి వచ్చినవాడిలా ఎడమ వైపు చూసుకుంటున్నారు.

మా ఎస్ఈ గారు నా చెయ్యి పట్టుకుని లాగారు. “సాంబశివరావ్, నీకు వీళ్లంతా తెలుసుగా. వెళ్లి పక్కన నిలబడవయ్యా. ఊరికే పేర్లు చెబితే చాలు. గేజీలు, గీజీలు ఎత్తకు.”

ఇంజినీరింగు చదివి, ఇన్నేళ్లు కాలువల మీద ఎండకు ఎండి, చివరికి ఒకరి చెవిలో పేర్లు ఊదే ఉద్యోగం వచ్చింది నాకు. వెళ్లి నిలబడ్డాను.

మంత్రి మొదటి కుర్చీ దగ్గర ఆగి తల వంచారు. “వెంకటేశ్వర్లు గారు, కంటి ఆపరేషన్” అన్నాను.

“ఏం వెంకటేశ్వర్లూ, కన్నెట్లా ఉంది? చుక్కలు మానకుండా వేసుకుంటున్నావా?”

ప్రెసిడెంటు గారి ముఖం వెలిగిపోయింది. వెనక ఎవరో, “అన్ని పనుల్లో ఉండి కూడా ఎంత జ్ఞాపకమండీ” అన్నారు. రెండో కుర్చీ, మూడో కుర్చీ. మోకాలు, గృహప్రవేశం. నేను చెవిలో వెయ్యడం, ఆయన నోట్లోంచి అది ఆప్యాయంగా బయటికి రావడం. దొంగ పైపులవాళ్లందరినీ ఆయన పేరుపేరునా పలకరించారు. గట్టు కింద పైపుల మీద కప్పిన వరిగడ్డి మేం నిలబడ్డ చోటికే కనిపిస్తోంది. అటు ఒక్క మనిషి తల తిప్పలేదు.

“అయ్యా, మా నీళ్ల సంగతి!” అని తాడు అవతల నుంచి గట్టిగా వినిపించింది.

కెమెరాలన్నీ అటు తిరిగాయి. కాబట్టి మంత్రీ అటు తిరిగారు. తాడు దగ్గరికి నడిచి, రోశమ్మ ముందు ఆగి, తల ఎడమకు వంచారు.

“రోశమ్మ. చివరి తూము. మిరప ఎండుతోంది సార్” అన్నాను.

చివరి రెండు ముక్కలు ఆయన చెవికెక్కలేదు, లేదా ఆయనే ఎక్కించుకోలేదు. “ఏం రోశమ్మా, బాగున్నావా? ఇంట్లో అందరూ కులాసానా?” అన్నారు.

ముందు వరసలో అందరూ పొంగిపోయిన ఆ మాటకు రోశమ్మ పొంగలేదు. ఆయన వంక అనుమానంగా చూసింది. “నా పేరు మీకెట్టా తెలుసయ్యా? మీరెప్పుడూ మా వైపు రాలేదుగా” అంది.

“భలేదానివే. మీరంతా నా మనుషులు కదమ్మా. నా మనుషుల పేర్లు నాకు గుర్తుండవా?”

“అట్టాగా. అయితే మా ఊరి పేరు చెప్పండి.”

ఎవరూ నవ్వలేదు. ఆమె వేళాకోళానికి అనలేదు, నిజంగానే అడిగింది. మంత్రి నవ్వు అలాగే ఉంది. తల మాత్రం మళ్లీ ఎడమకు వంగింది.

ఆ ఊరి పేరు నాకు తెలుసు. ఒక్క మాట చెవిలో వేస్తే గండం గడిచిపోయేది. ఆయన ఊరి పేరు చెప్పేవారు, చప్పట్లు మోగేవి, కార్లు కదిలేవి, రోశమ్మ చేతిలో మొక్క అక్కడే గట్టు మీద పడేది. ఎస్ఈ గారు కళ్లతోనే నన్ను తొందరపెడుతున్నారు. నాకు ఆ క్షణంలో భయం వేయలేదు. కోపం మాత్రం ఆగలేదు.

చెవిలో చెప్పలేదు. పైకే చెప్పాను, కెమెరాలవాళ్లకు వినబడేలా. ముందు ఊరి పేరు చెప్పాను. “సార్, ఆ ఊరికి ఈ సీజన్‌లో మేజరు నీళ్లు ఒక్కసారీ చేరలేదు. తల దగ్గర మనం పూర్తి మట్టానికి వదులుతూనే ఉన్నాం. మధ్యలో గట్టు కింద పైపులున్నాయి. అవి ఎవరివో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు, ఇప్పుడే అందరినీ పేర్లు పెట్టి పలకరించి వచ్చారు. అదిగో, ఆ గడ్డి కింద ఉన్నవి వెంకటేశ్వర్లు గారివి. పైపులు తీయడానికి పోలీసు సాయం కావాలి. మీరు ఆదేశిస్తే ఈ వారంలోనే ఈమె చేనుకు తడి అందుతుంది.”

వెంకటేశ్వర్లు కుర్చీలోంచి లేచాడు. “ఏందయ్యా ఇంజినీరూ, నా ఒక్కడివేనా? తమ్ముడివి లేవా, పక్కోళ్లవి లేవా? అందరివీ చెప్పు!” అని అరిచాడు. కోపంలో తమ్ముడి పేరు కూడా తనే బయటపెట్టాడు. నాకా శ్రమ తప్పింది.

తాడు అవతల జనం గోల మొదలుపెట్టారు. ఒకతను తాడు తెంపేశాడు. మంత్రి ఎడమ వైపు చూశారు, కుడి వైపు చూశారు. ఎదురుగా కెమెరాలున్నాయి. ఇక ఆయన అనగలిగిన మాట ఒక్కటే. “తీయించండి. ఎవరివైనా సరే, నా వాళ్లవైనా సరే” అన్నారు. ఆ రెండో వాక్యం మర్నాడు పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చింది.

సిబ్బంది లేరన్న చోట మర్నాడు ఉదయానికి వ్యాను నిండా పోలీసులు దిగారు. పొక్లెయిన్ వచ్చింది. సుభానీ గట్టు వెంట ముందు నడుస్తూ ఒక్కో పైపు చూపించాడు. అతణ్ణి తోసేసినవాళ్లు దూరంగా నిలబడి చూశారు. ఆ వారం వంతులో నీళ్లు చివరి తూము దాకా వెళ్లాయి. నేనూ వెళ్లాను. రోశమ్మ పార పట్టుకుని బోదెలు తెరుస్తోంది. నన్ను చూసి, “అయ్యా, అవతల బొందలోకి పోతంది, కాస్త ఆ మట్టి తొయ్యండి” అంది. తోశాను. రెండో కాపు చాలావరకు నిలిచిందనీ, చేను ఆమెకే ఇచ్చారనీ తర్వాత సుభానీ ఫోన్లో చెప్పాడు.

ఫోన్లో ఎందుకు చెప్పాడంటే, అప్పటికి నేనక్కడ లేను. పైపులు తీసిన వారంలోనే ‘పరిపాలనా కారణాల దృష్ట్యా’ నన్ను గుంటూరులో క్వాలిటీ కంట్రోల్ విభాగానికి బదిలీ చేశారు. సిమెంటు, కాంక్రీటు నమూనాలు పరీక్షించే చోటు. కాలువ ఉండదు, రైతు ఉండడు, మంత్రి రాడు. ఆ ఉత్తర్వు చేతికిస్తూ ఎస్ఈ గారు, “పేర్లు చెప్పమన్నా గదయ్యా, పైపులెవరివో ఎవరు చెప్పమన్నారు?” అన్నారు. పేరు చెప్పి మనిషి సంగతి చెప్పకపోతే ఆ పేరెందుకని అడిగాను. మరుసటి సీజన్‌కు పైపుల్లో సగం మళ్లీ గట్టు కిందికి చేరాయి. ఈసారి గడ్డి కప్పే పని కూడా పెట్టుకోలేదట. నా చోట వచ్చిన డీఈ మంచివాడే, కానీ నా కథ విని వచ్చాడు. కాలువ మీద పనిచేసేవాణ్ణి భయపెట్టాలంటే నాలాంటివాణ్ణి ఒక్కణ్ణి కదిలిస్తే చాలు. మా శాఖలో ఇది అందరికీ తెలుసు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. రిటైరయ్యే ఏడాది మా విభాగానికి కొత్త లాబొరేటరీ కట్టారు. ప్రారంభోత్సవానికి అదే మంత్రి వచ్చారు. నేను వెనక వరసలో, నలుగురు ఇంజినీర్ల మధ్య నిలబడ్డాను. ఆయన వరసగా వస్తున్నారు. ప్రతి మనిషి ముందూ ఆగడం, తల ఎడమకు వంచడం, పీఏ చెవిలో వెయ్యడం, అదే తంతు. మా చీఫ్ ఇంజినీరు పేరు కూడా చెవిలో పడ్డాకే పలికారు. నా ముందు ఆగారు. పీఏ ముందుకు వంగాడు. అతను నోరు తెరిచేలోపే మంత్రి అన్నారు: “ఏం సాంబశివరావు గారూ, ఇక్కడ కాంక్రీటు ముక్కలతో బాగా కాలక్షేపమవుతోందా?”

తల వంచలేదు. ఎవరూ అందించలేదు. పేరుతో సహా నేనెక్కడ ఏ పని చేస్తున్నానో కూడా తప్పు లేకుండా ఉంది.

పేర్లు గుర్తుపెట్టుకోవడం గొప్ప గుణమని శిక్షణ తరగతుల్లో మాకు చెప్పేవారు. జ్ఞాపకశక్తి లేనివాళ్లకు కిటుకులు కూడా నేర్పేవారు. నా ఉద్యోగంలో నేను తెలుసుకున్నది వేరు. అధికారంలో ఉన్నవాళ్ల జ్ఞాపకానికి ఏ లోటూ ఉండదు. తమకు అడ్డొచ్చినవాడి పేరు వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. చివరి తూము దగ్గరున్న మనిషి పేరు గుర్తులేదంటే, ఆమెతో వాళ్లకు ఇంకా ఏ ఇబ్బందీ రాలేదని అర్థం.